గోడ మీది బైబిల్ వంశావళి చార్ట్: గీతలు భేష్, నోట్సే తేడా

ఆదాము నుంచి యేసు దాకా ఒకే షీట్. మత్తయి సువార్త వరుస నీలం, లూకా సువార్త వరుస ఎరుపు. దావీదు దగ్గర ఒకటి సొలొమోను వైపు, ఇంకొకటి నాతాను వైపు చీలడం, షయల్తీయేలు, జెరుబ్బాబెలు దగ్గర కలవడం, మళ్లీ విడిపోయి మరియ భర్త యోసేపు దగ్గర చేరడం ఇట్టే తెలిసిపోతుంది. రెండు వరుసలు ఎందుకు వేరుగా ఉన్నాయనే వాదన మొదలయ్యేదే అక్కడ కాబట్టి ఇది పెద్ద సాయం.

మత్తయి 1:8 దగ్గర మాత్రం చార్ట్ చేసినవాళ్లు దొరికిపోయారు. యెహోరాము కింద నేరుగా ఉజ్జియా! మధ్యలో అహజ్యా, యోవాషు, అమజ్యా ఉన్నారని 1 దినవృత్తాంతములు 3:11-12 చెబుతోంది (అక్కడ ఉజ్జియా పేరు అజర్యా). వంశావళిని 14 తరాల చొప్పున మూడు భాగాలుగా చూపే లెక్క కోసం మత్తయి కుదించాడని చాలామంది పండితుల మాట. చుక్కల గీత పెట్టుంటే సరిపోయేది.

అసలు ఇబ్బంది హేలీతో. యోసేపు తండ్రి లూకాలో హేలీ, మత్తయిలో యాకోబు. ఆయన మరియ తండ్రి అని తేల్చి రాసేశారు. లూకా 3:23లో మరియ పేరే లేదు. అది ఒక వివరణ, అంతే. ద్వితీయోపదేశకాండము 25లోని మరిది ధర్మంతో, అంటే హేలీ సంతానం లేకుండా చనిపోతే ఆ యాకోబు అతని భార్యను చేసుకున్నాడని, 3వ శతాబ్దంలోనే క్రైస్తవ రచయిత జూలియస్ ఆఫ్రికానస్ మరో జవాబు చెప్పాడు. దాని ఊసే లేదు.

లూకా 3:36లోని కేయినాను ఆదికాండము 11లో గ్రీకు పాఠంలోనే ఉన్నాడు, హీబ్రూలో లేడు. ఆ నోటు సరిగ్గా ఇచ్చారు. 5కి 3. కొంటే పక్కన పెన్సిల్ పెట్టుకోండి.