మా అమ్మాయి బడిలో ఫ్రెంచి: ఏడాది చూశాక

రెండో తరగతిలో ఫ్రెంచిని వ్యాకరణం, పద పట్టికలు లేకుండా, అమ్మ ఒడిలో మాట వచ్చినట్లే నేర్పుతామని మా అమ్మాయి బడివాళ్లు చెప్పారు. ఏడాది గడిచింది. తరగతి నాకు ఎంతో నచ్చింది. ప్రోగ్రెస్ కార్డు మాత్రం బాధపెట్టింది.

మొదటి మూడు నెలలు పిల్ల నోట ఒక్క ఫ్రెంచి ముక్క రాలేదు. గుబులు పుట్టి, అనుమతి అడిగి ఒకరోజు వెనక బెంచీలో కూర్చున్నాను. టీచరు "ఫెర్మ్ లా పోర్త్" అంటూ తామే వెళ్లి తలుపు మూశారు. మళ్లీ తెరిచి, అదే మాట అంటూ ఒక పిల్లవాడి వైపు చూశారు. వాడు పరుగున వెళ్లి మూసి వచ్చాడు. ఎవరి చేతా ఆమె ఆ మాట పలికించలేదు. విన్నదానికి ముందు ఒళ్లు బదులివ్వాలి, నోరు తర్వాత అనే ఈ పద్ధతిని 1960లలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ ఆషర్ రూపొందించారు. పిల్లలను మాట్లాడమని తొందరపెట్టవద్దని భాషా బోధనపై పనిచేసిన స్టీఫెన్ క్రాషెన్, ట్రేసీ టెరెల్ కూడా చెప్పారు.

నాలుగో నెలలో ఒక రాత్రి కథ చదివి పుస్తకం మూయబోతుంటే "అంకోర్!" అంది. మళ్లీ చదవమని! నాకు కళ్లు చెమర్చాయి.

తప్పు దిద్దే తీరు ఇంకా బాగుంది. పుస్తకాన్ని పిల్ల "లా లీవ్ర్" అంటే, టీచరు "వుయి (అవును), ల లీవ్ర్" అని సరైన రూపం వినిపించి కబుర్లు కొనసాగిస్తారు. ఫ్రెంచిలో పుస్తకం పుంలింగం, కాబట్టి దాని ముందు స్త్రీలింగపు "లా" కాదు, "ల" రావాలి. మా అమ్మాయి ఇప్పటికీ పొరబడుతుంది, కానీ నోరు విప్పడానికి భయపడదు.

అలాంటి చోట, మూడో నెల చివర వచ్చిన కార్డులో "సంభాషణ"కు 10కి 2 వేశారు. మౌనంగా ఉండనివ్వడం పద్ధతిలోనే ఉన్నప్పుడు ఆ మౌనానికి మార్కులు తగ్గించడం అన్యాయం. వారం రోజులు పిల్ల "నాకు ఫ్రెంచి రాదు" అంటూ తిరిగింది.

కరపత్రంలోని "ధారాళంగా మాట్లాడతారు" అన్న హామీ కూడా తీసేయాలి. ఇక్కడ ఉన్నవి వారానికి మూడు 40 నిమిషాల పీరియడ్లు, అంటే రెండు గంటలు. కెనడాలోని సెయింట్ లాంబర్ట్‌లో 1965లో మొదలైన ప్రయోగంలో ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే చిన్నపిల్లలకు బడి మొత్తం ఫ్రెంచిలోనే నడిచింది. అలా చదివిన కెనడా పిల్లలకు కూడా అర్థం చేసుకోవడం బాగా వచ్చినా, మాటలో, రాతలో తప్పులు మిగిలాయని 1985లో కెనడా భాషా పరిశోధకురాలు మెరిల్ స్వెయిన్ చూపించారు.

వచ్చే ఏడాది కూడా కొనసాగిస్తున్నాం. "విని అర్థం చేసుకోవడం" అనే గడి చేరుస్తామని ప్రిన్సిపాల్ మాట ఇచ్చారు. మొదటి ఆరు నెలలు "సంభాషణ" గడి ఖాళీగా వదలమంటే మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. మళ్లీ వెళ్లి అడుగుతాను.