పెళ్లి ఫొటోలు: ల్యాబులో మనమే ప్రింటు వేయించుకోవాలా, ఫొటోగ్రాఫర్‌కే అప్పగించాలా?

"ఒక్క కాగితానికి ఇంత ధరా?" అని ఫొటోగ్రాఫర్‌ను నిలదీసే ముందు తలంబ్రాల ఫొటో ఒక్కటి చూడండి. తెల్లని మధుపర్కాలు, పసుపు బియ్యం, మండపంలో రంగురంగుల దీపాలు. తెలుపు తెలుపుగానే ఉండాలి, పెళ్లికూతురి ముఖఛాయ మారకూడదు. తెరపై వెలిగిపోయే ఫొటో కాగితం మీద నల్లబడుతుంది. అందుకే నమూనా ప్రింటు తీసి, చూసి, మళ్లీ దిద్దుతారు. ఆ ధర ఈ పనికి, ఈ కంటికి. దాన్ని కాగితం ఖరీదుతో కొలవడం అన్యాయం.

ఖర్చు: ల్యాబులో తక్కువ, ఫొటోగ్రాఫర్ దగ్గర బాగా ఎక్కువ.

శ్రమ: ల్యాబుకు వెళితే ఎంపిక, రంగులు, కత్తిరింపు అన్నీ మన నెత్తినే. ఫొటోగ్రాఫర్‌కు ఇస్తే ఎంపిక ఒక్కటే మనది.

ముప్పు: 12×18 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600×5400 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది, పెద్దది చేస్తే ముఖాలు మసకబారతాయి. అసలు ఫైళ్లే అడిగి తీసుకోండి.

బంధువులకు పంచే 4×6 ప్రింట్లకు ల్యాబు చాలు. గోడకు కట్టే పటానికి, పిల్లలకు చూపించే ఆల్బమ్‌కు ఫొటోగ్రాఫరే సరి. డబ్బు సరిపోకపోతే బేరమాడకండి, ప్రింట్ల సంఖ్య తగ్గించుకోండి.