ఒకటే వీఎల్‌సీ, నాలుగు దారులు: ఏది మేలు?

కావలి ట్రంకు రోడ్డులో మాకొక చిన్న కొట్టుంది. జెరాక్సులు, పెళ్లి పత్రికలు, ఆన్‌లైన్ దరఖాస్తులు, వీటితోపాటు కంప్యూటర్ రిపేర్లు. మొన్న రొయ్యల చెరువులున్న ఒక రైతు కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. లాప్‌టాప్ తెరిస్తే బ్రౌజర్‌లో ఎన్నడూ పేరు వినని సెర్చి పేజీ, తెర మూల నుంచి ఆగకుండా ప్రకటనలు.

"వీడియో ప్లేయర్ ఒక్కటే ఏసినానన్నా, అది కూడా ఫ్రీదే. ఇదంతా యాడ్నించి వచ్చింది?" అన్నాడు పిల్లవాడు.

అతను వేసుకున్నది వీఎల్‌సీ. దాంట్లో తప్పేమీ లేదు. వీడియోలాన్ అనే ఫ్రాన్సు సంస్థ లాభం ఆశించకుండా దాన్ని తయారుచేస్తోంది, అందులో ప్రకటనలూ ఉండవు, టూల్‌బార్లూ ఉండవు. తేడా అంతా అతను దాన్ని దించుకున్న చోట వచ్చింది. అందుకే "ఫలానా సాఫ్ట్‌వేర్ మంచిదేనా?" అని అడిగేవాళ్లని నేను ముందు "ఎక్కడ దించావు?" అని అడుగుతాను. మా దగ్గరికి వచ్చేవాళ్లకి తెలిసిన దారులు నాలుగు: స్నేహితుడి పెన్‌డ్రైవ్, డౌన్‌లోడ్ సైట్లు, తయారుచేసినవాళ్ల సొంత సైటు, విండోస్‌లోనే ఉండే స్టోర్ లేదా కమాండ్ కొట్టి సాఫ్ట్‌వేర్ వేసుకునే వింగెట్.

పెన్‌డ్రైవ్ గురించి ఎక్కువ చెప్పను. దాంట్లో వచ్చేది చాలాసార్లు డబ్బు పెట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్‌ని కొనకుండా నడిపించే దొంగతాళం, అదే క్రాక్. పక్కన ఒక నోట్‌ప్యాడ్ ఫైలు ఉంటుంది, ముందు యాంటీవైరస్ ఆపెయ్యమని. ఆ మాట చదివాక కూడా నడిపితే ఇక పరీక్షించడానికేమీ మిగలదు. ఒక్క సంగతి మాత్రం డీటీపీ చేసేవాళ్లకి చెప్పాలి, మనం ఎక్కువగా దెబ్బతినేది ఫాంట్ల దగ్గర. ఫాంటు టీటీఎఫ్ ఫైలుగానో ఓటీఎఫ్ ఫైలుగానో వస్తుంది. "తెలుగు ఫాంట్ల ప్యాక్" అని ఎవరైనా ఈఎక్స్‌ఈ ఫైలు, అంటే నడిచే ప్రోగ్రాం, పంపితే తెరవకండి. రామభద్ర, మల్లన్న, పెద్దన, తిమ్మన లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. పెళ్లి పత్రిక మీద పెద్దక్షరాలకి రామభద్ర ఎంత నిండుగా ఉంటుందో వేసి చూడండి.

అసలు చిక్కంతా రెండో దారిలో ఉంది, ఎందుకంటే అది చూడటానికి పెద్దమనిషిలా ఉంటుంది. డౌన్‌లోడ్ సైటు మీరడిగిన ఫైలుని నేరుగా ఇవ్వకుండా తన సొంత ఇన్‌స్టాలర్‌లో చుట్టి ఇస్తుంది. దాని లోపల ముందే టిక్కు పెట్టిన గడులు ఉంటాయి: ఒకటి టూల్‌బార్‌కి, ఒకటి సెర్చి మార్చడానికి, ఇంకొకటి "పీసీని వేగంగా చేసే" ఇంకేదో సరుకుకి. "ఎక్స్‌ప్రెస్" నొక్కారా, అన్నిటికీ ఒప్పుకున్నట్టే. "కస్టమ్" నొక్కితేనే ఆ టిక్కులు కనిపిస్తాయి. ఎక్కిన ప్రతి కంప్యూటర్‌కీ ఇంతని ఆ టూల్‌బార్ల వాళ్లు సైటుకి డబ్బు కడతారు. సైటుకి గిట్టుబాటు అయ్యేది మీ తొందర వల్లే.

ఇది ఊరూపేరూ లేని సైట్ల పనే అనుకోకండి. సీనెట్ వాళ్ల డౌన్‌లోడ్ డాట్ కామ్ 2011లో ఇలా చుట్టడం మొదలుపెడితే, నెట్‌వర్కులను పరీక్షించే ఎన్‌మ్యాప్ తయారుచేసిన గోర్డన్ లయన్ ఆ డిసెంబర్‌లోనే తన సాఫ్ట్‌వేర్‌కి టూల్‌బార్ అంటగట్టారని బహిరంగంగా మండిపడ్డాడు. ఓపెన్‌సోర్స్‌కి, అంటే కోడు ఎవరైనా చూసుకునేలా బయటపెట్టే సాఫ్ట్‌వేర్‌కి, పుట్టిల్లు లాంటి సోర్స్‌ఫోర్జ్ సైటు కూడా ఆ దారే పట్టింది. నచ్చక, ఫొటోలు దిద్దే గింప్ తయారుచేసేవాళ్లు 2013లో దాన్ని వదిలి వెళ్లిపోతే, 2015లో సోర్స్‌ఫోర్జ్ ఆ పాత పేజీని తన చేతిలోకి తీసుకుని, గింప్‌కే ప్రకటనల సరుకు కలిపి పంచింది. 2016లో యజమానులు మారాక ఆ పద్ధతి ఆపేశారు. నాకు ఇప్పటికీ బాధగా ఉండేది ఈ గింప్ సంగతే. ఎవరో ఏళ్ల తరబడి పైసా తీసుకోకుండా రాసిన పనిని ఇంకొకరు ఎరగా వాడారు. వాడుకున్నవాళ్లేమో తిట్టేది గింప్‌నే.

మూడో దారి, తయారుచేసినవాళ్ల సొంత సైటు. రెండోదానికంటే ఇది ఎన్నో రెట్లు మేలు. కానీ గూగుల్‌లో వెతికి, మొదట కనిపించిన లింకు నొక్కడం సొంత సైటుకి వెళ్లడం కాదు. పైన "స్పాన్సర్డ్" అని ఉన్నది డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన, నకిలీ సైట్లు అక్కడే కాపు కాస్తాయి. అడ్రసుని అక్షరం అక్షరం చూసుకోవాలి: వీఎల్‌సీది వీడియోలాన్ డాట్ ఆర్గ్, ఫైళ్లు కుదించే సెవెన్‌జిప్‌ది 7కీ జిప్‌కీ మధ్యలో చిన్న గీత ఉండే డాట్ ఆర్గ్.

సరైన సైటు నుంచే దించినా నూటికి నూరు పాళ్లు భరోసా లేదని 2017లో కంప్యూటర్‌లో చెత్త తీసే సీక్లీనర్ చూపించింది. దాని 5.33 వెర్షన్‌లోకి దొంగలు ముందే జొరబడ్డారు. ఆగస్టు 15 నుంచి దాదాపు నెలరోజులు, కంపెనీ సొంత డిజిటల్ సంతకంతోనే, అంటే ఫైలు తమదేనని చెప్పే ముద్రతోనే, అది జనానికి అందింది. సుమారు 22.7 లక్షల మంది వాడారు.

అందుకే ఫైలు పరీక్షల విషయంలో నేను ఏ ఒక్కదాన్నీ పూర్తిగా నమ్మను. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్ చూడటం మంచి అలవాటే, కానీ సీక్లీనర్‌కి సంతకం ఉంది, శుభ్రమైన సెవెన్‌జిప్‌కి చాలా ఏళ్లుగా లేదు. సైటులో ఇచ్చిన ఎస్‌హెచ్‌ఏ-256 అంకెతో (ఫైలుకి వేలిముద్ర లాంటిది) పోల్చడం దారిలో ఫైలు మారలేదని చెబుతుంది, అసలు ఫైలే చెడితే అదేం చేస్తుంది? మూడోది, నాకు ఎక్కువ పనికొచ్చేది, వైరస్‌టోటల్ అనే సైటు. అక్కడ ఫైలు ఎక్కిస్తే దాదాపు డెబ్బై యాంటీవైరస్‌లు ఒకేసారి చూస్తాయి. ఒకటీ రెండూ ఎర్రగా చూపిస్తే కంగారు పడను, పదిహేను చూపిస్తే తీసేస్తాను. "పీయూఏ" (అవాంఛిత యాప్) లేదా "బండ్లర్" అనే మాట కనిపిస్తే అది మన టూల్‌బార్ల సరుకే. అయితే దాంట్లో సొంత కాగితాలు, ఆధార్ స్కాన్లు పొరపాటున కూడా ఎక్కించకూడదు, అక్కడికి ఎక్కించిన ఫైళ్లు వేరేవాళ్లకీ అందుతాయి.

ఇంకొక ప్రశ్న ఉంది, దీన్ని తయారుచేసేవాళ్లకి కూడు ఎక్కణ్నించి వస్తోంది? వీఎల్‌సీకి విరాళాలున్నాయి. అవాస్ట్ ఉచిత యాంటీవైరస్ మాత్రం జంప్‌షాట్ అనే తన కంపెనీ ద్వారా వాడకందారులు ఏయే సైట్లు చూశారో ఆ సమాచారాన్ని అమ్మింది. 2020లో విలేఖరులు బయటపెట్టారు. 2024లో అమెరికాలో వినియోగదారుల హక్కులు చూసే ఎఫ్‌టీసీ 1.65 కోట్ల డాలర్లు కట్టమంది. అక్కడ వేరే ఎవరో తెచ్చి కలిపిందేమీ లేదు, కాపలా కాయాల్సిందే కూపీ లాగింది. ఓపెన్‌సోర్స్ అయితే బెంగ లేదా అంటే, 2024లో ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీలో (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడు) ఒకరు రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీరు లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వి పట్టుకున్నాడు. తవ్వి చూసే వీలుంది కాబట్టే దొరికింది. రెండూ ఒకే పని చేస్తుంటే నేను ఓపెన్‌సోర్స్‌నే ఎంచుకోవడానికి కారణం అదే.

ఇక నాలుగో దారి, నా ఓటు దానికే. వింగెట్ విండోస్ 11లోనూ కొత్త విండోస్ 10లోనూ ఉంటుంది. కమాండ్ కొడితే ఎక్కువగా తయారుచేసినవాళ్ల సైటు నుంచే ఫైలు తెస్తుంది, ఎస్‌హెచ్‌ఏ అంకె తానే సరిచూస్తుంది. ప్రకటనల లింకు మధ్యలో దూరే చోటే లేదు. నల్లతెర అంటే బెరుకున్నవాళ్లకి స్టోర్ ఉంది, కానీ అక్కడ కూడా పేరు కింద తయారీదారు ఎవరో చూడాలి. వీఎల్‌సీ అయితే వీడియోలాన్ అనే ఉండాలి.

ఆ పిల్లవాడి లాప్‌టాప్‌కి ఫార్మాట్ అక్కర్లేకపోయింది. అదే క్రాక్ అయ్యుంటే మొత్తం తుడిచి మళ్లీ వేసేవాణ్ని. ఆ వారంలో వచ్చి చేరినవన్నీ తీసేసి, బ్రౌజర్ రీసెట్ చేసి, విండోస్ సెక్యూరిటీలో అవాంఛిత యాప్‌లను ఆపే స్విచ్ ఆన్ చేసి, వింగెట్‌తో వీఎల్‌సీ మళ్లీ వేశాను. అంతలో తెలిసింది, వాళ్ల నాన్న ఫీడు కంపెనీకి డబ్బు పంపేది కూడా అందులోనేనని. "పెద్దాయనా, బ్యాంకు పాస్‌వర్డు ఇప్పుడే మార్చుకోండి, దీంట్లో కాదు, మీ ఫోన్‌లో" అన్నాను. అక్కడే బల్ల మీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని మార్చుకున్నాడు.