నేరుగా కొలవాలా, చుట్టుదారిలో పట్టాలా?

ఆర్కే బీచ్‌లో మొన్న సాయంత్రం ఫిజిక్స్ ఎమ్మెస్సీ కుర్రాడొకడు అడిగాడు: "అన్నా, నోవా పేలుళ్లలో జరిగే కేంద్రక చర్యల్ని నేరుగా కొలవడం మేలా, పరోక్షంగానా?" నోవా అంటే తెల్ల మరుగుజ్జు అనే చిన్న, దట్టమైన నక్షత్రం మీద పోగైన హైడ్రోజన్ ఒక్కసారిగా పేలడం.

నేరుగా కొలిస్తే వచ్చే నమ్మకమే వేరు. నక్షత్రంలో జరిగే చర్యనే ల్యాబ్‌లో జరిపిస్తాం. ఉదాహరణకు, సోడియం-21 హైడ్రోజన్‌తో కలిసి మెగ్నీషియం-22 అయ్యే చర్య చూడండి. సోడియం-21 అర్ధాయువు దాదాపు 22 సెకన్లే, కాబట్టి దాన్ని టార్గెట్‌గా పెట్టలేం. అందుకే కెనడాలోని ట్రయంఫ్ ల్యాబ్‌లో దాన్నే బీమ్‌గా, అంటే వేగంగా దూసుకెళ్లే కణాల ధారగా మార్చి హైడ్రోజన్ వాయువులోకి పంపారు. పుట్టిన మెగ్నీషియం-22ను డ్రాగన్ అనే పరికరం బీమ్ నుంచి విడదీసి లెక్కపెట్టింది. నోవాలో సోడియం-22 ఎంత తయారవుతుందో చెప్పడానికి ఈ చర్య కీలకం. ఎంత అందమైన ప్రయోగమో! చిక్కల్లా ఒకటే. రెండు కేంద్రకాలూ ధనావేశాలు కాబట్టి ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. శక్తి తగ్గేకొద్దీ చర్య రేటు పాతాళానికి పడిపోతుంది. రోజుల తరబడి బీమ్ నడిపినా దొరికేవి కొన్నే.

పరోక్ష పద్ధతిలో వేరే సులువైన చర్య జరిపి, రెజొనెన్స్ (చర్య రేటు ఒక్కసారిగా పెరిగే చోటు) ఏ శక్తి దగ్గరుందో, దాని స్పిన్ (కోణీయ ద్రవ్యవేగం) ఎంతో రాబట్టి, అసలు రేటు లెక్కగడతాం. డేటా బాగా వస్తుంది కానీ ఫలితం సిద్ధాంతపు మోడల్ మీద ఆధారపడుతుంది. న్యూట్రాన్ నక్షత్రాల మీద జరిగే ఎక్స్-రే విస్ఫోటాలకు ముఖ్యమైన ఆక్సిజన్-15, హీలియం చర్య గురించి తెలిసింది ఎక్కువగా ఇలాగే. దానికి చాలినంత బలమైన బీమ్ దొరకడం కష్టం.

ఫిషింగ్ హార్బర్‌లో అనుభవమున్నవాళ్లు నీళ్ల రంగు చూశాకే వల వేస్తారు. నేనైతే పరోక్షంతో మొదలుపెట్టమన్నాను. ఏ శక్తి దగ్గర వెతకాలో తెలిశాక, ఆ ఒక్కచోటే నేరుగా కొలవమన్నాను.