నెల సరుకులు నెలంతా రావాలంటే: వంటింటి డిజిటల్ త్రాసుపై సమీక్ష

తక్కువ డబ్బుతో ఇల్లు నడుపుకునే కుటుంబాలకు వారానికి సరిపడా భోజనాల పట్టిక ముందే వేసుకోమన్న సలహా తరచుగా వినిపిస్తుంది. సలహా మంచిదే. కానీ అలా వేసుకున్న పట్టికల్లో చాలావరకు కొద్ది రోజులకే అటకెక్కుతాయి, అందుకు కారణం ఇంట్లోవారి బద్ధకం కాదని నా అభిప్రాయం. సరుకులు కొనేది కిలోల్లో, గ్రాముల్లో. వండేది గ్లాసుల్లో, గుప్పెళ్లలో, కంటి అంచనాలో. డబ్బు లెక్క ఒక కొలతలోనూ వంట లెక్క మరొక కొలతలోనూ నడుస్తున్నంత కాలం, పట్టికలో ఏం రాసుకున్నా ఏ డబ్బా ఎప్పుడు అడుగంటుతుందో ముందుగా తెలిసే దారి ఉండదు. ఆ రెండు లెక్కలనూ ఒకచోటికి తెచ్చే వస్తువు వంటింటి డిజిటల్ త్రాసు. భోజనాల ప్రణాళిక కోసం ఒక్క వస్తువే కొనగలిగిన స్థితిలో ఉన్నవారికి, డబ్బు కట్టి వాడే యాప్ కన్నా, అచ్చు వేసిన ప్లానర్ పుస్తకం కన్నా ముందు నేను దీన్నే సూచిస్తాను.

ఇక్కడ సమీక్షిస్తున్నది ఏదో ఒక కంపెనీ త్రాసును కాదు. 5 కిలోల వరకు తూగే, 1 గ్రాము తేడాను చూపే, పైన చదునైన పలక ఉండి బ్యాటరీతో నడిచే మామూలు రకాన్ని. ఇలాంటివన్నీ దాదాపు ఒకే పద్ధతిలో పనిచేస్తాయి. లోపల లోడ్ సెల్ అనే చిన్న లోహపు కడ్డీ ఉంటుంది. బరువు పడినప్పుడు అది కంటికి కనిపించనంత స్వల్పంగా వంగుతుంది, దానికి అతికించిన స్ట్రెయిన్ గేజ్ అనే పలుచని పట్టీలో విద్యుత్ నిరోధం ఆ వంపుకు తగ్గట్టు మారుతుంది, ఆ మార్పునే త్రాసు గ్రాములుగా లెక్కగట్టి చూపుతుంది. ధర ఎక్కువైనా తక్కువైనా లోపలి ఏర్పాటు ఇదే కనుక, ఇంటి అవసరానికి ఖరీదైన రకం కొనాల్సిన పని లేదు.

ఇంటికి తెచ్చిన మొదటి వారంలో దీనితో పొదుపు చేయాలని చూడకపోవడమే మంచిది. ఎప్పుడూ వండేటట్టే వండుతూ, పొయ్యి మీదికి వెళ్లే ముందు ప్రతి సరుకునూ ఒకసారి త్రాసు మీద పెట్టి ఆ అంకెను కాగితం మీద రాసుకుంటే చాలు. వారం గడిచేసరికి ఆ కుటుంబం ఒక పూటకు నిజంగా ఎంత బియ్యం, ఎంత పిండి, ఎంత పప్పు వాడుతోందో తెలుస్తుంది. పుస్తకాల్లో మనిషికి ఇన్ని గ్రాములని రాసి ఉన్న లెక్కకన్నా ఈ లెక్క ఎంతో విలువైనది, ఎందుకంటే ఎదిగే పిల్లలున్న ఇంటికీ ఇద్దరు వృద్ధులే ఉన్న ఇంటికీ ఆకలి ఒకటి కాదు. గ్లాసు కొలత మీద ఆధారపడినవారికి ఈ వారంలోనే ఒక సంగతి బోధపడుతుంది: ఒకే కప్పులో పిండిని వదులుగా పోస్తే 120 గ్రాములు, అదిమి నింపితే 150 గ్రాములు తూగవచ్చు. ఒక పూటకు అది తేడాయే కాదనిపిస్తుంది గాని, రోజూ రెండు మూడు కప్పుల పిండి కలిపే ఇంట్లో నెల తిరిగేసరికి అదే రెండు కిలోల పైన కూడా చేరవచ్చు.

ఆ అంకెలు చేతికొచ్చాక పట్టిక వేయడం చాలా తేలిక. పూటకు పట్టే బరువును పూటల సంఖ్యతో గుణిస్తే కొనవలసినదెంతో తేలిపోతుంది. వండాక బరువు ఎంత పెరుగుతుందో కూడా ఒకసారి చూసి ఉంచుకోవాలి. బియ్యం సాధారణంగా రెండున్నర నుంచి మూడు రెట్లు అవుతుంది, ఎండు పప్పులు, గింజలు రెండు నుంచి రెండున్నర రెట్లు అవుతాయి. దుకాణంలో ఎండు గింజల ధరనూ, ఉడికించి డబ్బాలో పెట్టి అమ్మే గింజల ధరనూ పక్కపక్కన చూసి ఏది చవకో తేల్చుకోవాలంటే ఎన్ని రెట్లవుతుందన్న ఈ లెక్క లేకుండా కుదరదు. పైగా డబ్బా మీద రాసే నికర బరువులో నీరు కూడా కలిసి ఉంటుంది. నీరు వంచేశాక మిగిలే బరువు వేరుగా ముద్రించి ఉంటే దాన్నే చూడాలి, లేకపోతే ఒక డబ్బాను ఇంటికి తెచ్చి వంచి తూచుకోవాలి.

ఈ త్రాసు చేసే పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది తరుగు లెక్క. కూరగాయలను మనం తొడిమతో, తొక్కతో, కాడతో కొంటాం, తినేది మాత్రం అవన్నీ పోగా మిగిలినది. అందువల్ల ధర పలక మీద కనిపించే కిలో ధర వేరు, మన కంచంలోకి వచ్చే కిలో ఖర్చు వేరు. కాయలతో ఉన్న పచ్చి బఠాణీని తీసుకుందాం. కిలో కాయలను ఒలిచి గింజలను తూస్తే సుమారు 400 గ్రాములు ఉంటాయి, తక్కినదంతా పొట్టు. అంటే కిలో గింజలు కావాలంటే రెండున్నర కిలోల కాయలు కొనాలి. గడ్డకట్టించిన బఠాణీ ధర కాయల ధరకు రెట్టింపు ఉంటే చూసినవారు అది ఖరీదైనదని పక్కన పెట్టేస్తారు, కానీ రెండున్నర రెట్లు దాటనంతవరకు అదే చవక. బంగాళాదుంపలో తరుగు తక్కువ, తొక్క పలచగా తీస్తే పదోవంతు చుట్టుపక్కల పోతుంది. అరటిపండులో మూడోవంతు దాకా తొక్కే. కాలీఫ్లవర్‌లో ఆకులూ మొదలూ తీసేస్తే ఎంత మిగులుతుందన్నది పువ్వు పువ్వుకూ మారుతుంది గనుక ఇంట్లో తూచుకుని చూడటమే ఉత్తమం. ఎముకతో అమ్మే మాంసానికీ ఎముక తీసి అమ్మే మాంసానికీ ఇదే లెక్క వర్తిస్తుంది, కాకపోతే ఎముకలను పులుసుకు వాడుకునే ఇంట్లో ఆ బరువును పూర్తిగా తరుగు కింద రాయకూడదు. ప్రతి కూరగాయనూ రోజూ తూచనక్కర్లేదు. ఇంట్లో తరచుగా వండేవాటికి ఒక్కసారి తూచి తరుగు ఎంతో అలమార తలుపు లోపలివైపు రాసి అంటించుకుంటే, ఆ తర్వాత దుకాణానికి వెళ్లిన ప్రతిసారీ అది పనికొస్తుంది.

ఇంట్లో సరుకు ఎంత ఉందో తెలుసుకోవడానికి చాలామంది డబ్బా మూత తీసి లోపలికి తొంగి చూస్తారు. పెద్ద డబ్బాలో అడుగున ఉన్న పప్పు ఎన్ని పూటలకు వస్తుందో అలా చూస్తే చెప్పడం కష్టం. దీనికి ఒక చిన్న ఏర్పాటు ఉంది. డబ్బా ఖాళీ అయి, కడిగి ఆరబెట్టిన రోజున మూతతో సహా తూచి ఆ బరువును డబ్బా అడుగున చెరగని మార్కర్‌తో రాసి పెట్టాలి. ఆ తర్వాత ఎప్పుడైనా డబ్బాను అలాగే త్రాసు మీద పెట్టి, అడుగున రాసిన అంకె తీసేస్తే లోపలి సరుకు బరువు తేలిపోతుంది. డబ్బా 310 గ్రాములు, ఇప్పుడు 1,060 చూపిస్తోంది, పప్పు 750 గ్రాములు ఉంది, పూటకు 150 చొప్పున అయిదు పూటలకు వస్తుంది. అన్ని డబ్బాలనూ ఇలా చూసుకోవడానికి పట్టే సమయం చాలా తక్కువ, కానీ ఇంట్లో ఉన్నదాన్నే మళ్లీ కొనే అలవాటు దీనితో ఆగిపోతుంది. నెలాఖరున చేతిలో డబ్బు తగ్గినప్పుడు, ఉన్న సరుకులతో ఎన్ని పూటలు గట్టెక్కవచ్చో నిబ్బరంగా చెప్పగలగడం ఆ ఇంట్లో వండేవారికి చిన్న ఊరట కాదు.

నూనె, చక్కెర, ఉప్పు విషయంలో కూడా తూకం ఉపయోగపడుతుంది. సీసాను వారం మొదట్లో ఒకసారి, వారం చివర ఒకసారి తూస్తే ఎంత వాడారో తెలుస్తుంది. లీటరు వంటనూనె సుమారు 920 గ్రాములు తూగుతుందని గుర్తుంచుకుంటే చాలు. పెద్దవారు రోజుకు 5 గ్రాముల కన్నా తక్కువ ఉప్పు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నలుగురు పెద్దవారున్న ఇంట్లో ఈ లెక్కన నెలకు 600 గ్రాములు దాటకూడదు, బయట కొన్న తినుబండారాల్లోని ఉప్పు కూడా అందులోనే కలవాలి. ఖర్చు తగ్గించుకోవడానికి కొన్న వస్తువు ఆరోగ్యానికి కూడా అక్కరకొచ్చే చోటు ఇది.

మిగిలిపోయిన ఆహారం దగ్గర త్రాసు చెప్పేది వినడానికి కొంచెం కష్టంగా ఉంటుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో 60 శాతం ఇళ్లలోనే జరిగింది. ఇళ్లలో వృథా అయినదే సగటున మనిషికి ఏడాదికి 79 కిలోలు. తొక్కలు, ఎముకలు కూడా ఆ లెక్కలో ఉన్నాయి. అందుకే ఇంట్లో చూసుకునేటప్పుడు తొక్కలను వేరుగా ఉంచి, తినదగినదై ఉండీ పారేయాల్సి వచ్చినదాన్ని మాత్రమే తూచి, అది ఏమిటో, ఎందుకు మిగిలిందో పక్కన రాసుకోవాలి. ఎక్కువ వండినందువల్ల మిగిలిందా, ఎక్కువ కొన్నందువల్ల పాడైందా అన్నది ముఖ్యం. మొదటిదైతే వంట కొలత తగ్గించాలి, రెండోదైతే సరుకుల చీటీ మారాలి. ఈ రెంటినీ కలగాపులగం చేస్తే పిల్లలకు వడ్డించేది తగ్గుతుంది గాని చెత్తబుట్ట బరువు తగ్గదు. కావాలనే ఎక్కువ వండి దాచుకునేవారికి కూడా తూకం మేలు చేస్తుంది. వండిన రెండు గంటల లోపే పూటకు సరిపడా బరువుగా చిన్న డబ్బాల్లోకి తీసి, 5 డిగ్రీల సెల్సియస్‌కు మించని ఫ్రిజ్‌లో పెట్టినప్పుడు, మరునాడు కావలసిన ఒక్క డబ్బానే తీసి వేడి చేసుకోవచ్చు. మొత్తం గిన్నెను మళ్లీ మళ్లీ వేడి చేయాల్సిన అవసరం ఉండదు.

ఇక లోపాలు. 1 గ్రాము తేడా చూపుతుందని పెట్టె మీద రాసినా, రెండు మూడు గ్రాముల మసాలా దినుసుల విషయంలో ఈ రకం త్రాసును నమ్మలేం. చిటికెడు చిటికెడుగా నెమ్మదిగా వేస్తూ పోతే పెరిగిన బరువును కొన్ని త్రాసులు అసలు గుర్తించవు, ఎందుకంటే సున్నా దగ్గర వచ్చే చిన్న చిన్న మార్పులను అవి తమంతట తాము సర్దేసుకుంటాయి. దీనికి విరుగుడు సులభమే: గిన్నెకు బదులు డబ్బానే త్రాసు మీద పెట్టి, సున్నా చేసే టేర్ బటన్ నొక్కి, చెంచాతో తీయాలి, తీసినంత బరువు మైనస్ గుర్తుతో కనిపిస్తుంది. వెడల్పాటి గిన్నె పెడితే అంకెలు దాని కింద దాగిపోవడం మరో ఇబ్బంది. మెత్తని గుడ్డ మీదో ఎగుడుదిగుడు గట్టు మీదో పెడితే తూకం తప్పుతుంది. పొయ్యి మీద నుంచి దించిన గిన్నెను నేరుగా పెట్టకూడదు, వేడికి లోపలి లోడ్ సెల్ దెబ్బతినే ప్రమాదం ఉంది. పిండి కలుపుతూ మధ్యలో ఆగితే తనంతట తాను ఆరిపోయి అప్పటిదాకా చేసిన లెక్క పోగొట్టే త్రాసులు కూడా ఉన్నాయి. మరొక మాట: ఇంటి త్రాసు వ్యాపారానికి ముద్ర వేయించిన త్రాసు కాదు. దుకాణంలో ఇచ్చిన తూకం తక్కువగా అనిపిస్తే దీన్ని అనుమానానికి ఆధారంగా తీసుకోవచ్చు గాని రుజువుగా చూపి గొడవకు దిగడం న్యాయం కాదు.

ఒక విషయాన్ని మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ త్రాసు ఉండవలసిన చోటు వంట గట్టు, భోజనాల బల్ల కాదు. వండబోయే సరుకును తూచడం వేరు, మనిషి కంచంలోది తూచడం వేరు. డబ్బు తక్కువగా ఉన్న ఇంట్లో పిల్లలకు ఆ సంగతి చెప్పకుండానే తెలిసిపోతుంది. వాళ్లు తినే ముద్దకు కూడా లెక్క ఉందన్న భావన కలిగితే కడుపు నిండకుండానే చాలంటారు. మొత్తం గిన్నెలో ఎంత వండాలో లెక్కించుకుని, వడ్డన మాత్రం అడిగినంత చేయాలి, తరచుగా చాలకపోతే వండే కొలతనే పెంచాలి. తిండి విషయంలో మానసికంగా ఇబ్బంది పడుతున్నవారు ఎవరైనా ఇంట్లో ఉంటే త్రాసును కనిపించేలా కూడా ఉంచవద్దని నా విన్నపం.

కొనేటప్పుడు చూడవలసినవి ఎక్కువేమీ లేవు. పలక వెడల్పుగా ఉండి అంకెలు గిన్నె అంచుకు బయట కనిపించాలి, టేర్ బటన్ విడిగా ఉండాలి, ఆరిపోయే ముందు కనీసం రెండు నిమిషాలైనా ఆగాలి. నాణెం ఆకారపు బ్యాటరీ కన్నా గోడ గడియారాల్లో, రిమోట్లలో వేసే మామూలు బ్యాటరీతో నడిచేది తీసుకుంటే మార్చుకోవడం సులువు. పోషకాలు లెక్కగడతామని, ఫోన్‌కు కలుపుతామని చెప్పే రకాలకు ఎక్కువ ధర పెట్టడం ఈ పనికి అనవసరం. ఇంటికి తెచ్చాక ఖాళీ సీసాను పెట్టి సున్నా చేసి, కొలపాత్రతో సరిగ్గా ఒక లీటరు మంచినీరు పోసి చూడాలి. 1,000 గ్రాములకు అయిదారు గ్రాములు అటూ ఇటూగా చూపిస్తే వాడుకోవచ్చు. అదే సీసాను పలక నాలుగు మూలలకూ జరిపి చూసినప్పుడు అంకె బాగా మారిపోతుంటే మాత్రం దాన్ని తిరిగి ఇచ్చేయడమే మంచిది.