దవడకు ఏ స్కాన్: సీటీనా, సీబీసీటీనా?

పళ్లు కట్టించుకోవడానికి నెల్లూరు నుంచి చెన్నై వచ్చే మనవాళ్లకు చీటీలో "సీబీసీటీ" (కోన్ బీమ్ సీటీ, దవడను ఘనరూపంలో చూపే ఎక్స్‌రే స్కాన్) కనబడగానే వచ్చే అనుమానం ఒకటే: మామూలు సీటీకీ దీనికీ తేడా ఏంటని.

1971లో లండన్‌లో తొలి రోగికి తీసిన సీటీ ఇప్పుడు చాలా మారింది. బల్ల గుండ్రటి యంత్రంలోకి జరుగుతుంటే, విసనకర్రలా విచ్చుకున్న ఎక్స్‌రే కిరణం ఒంటి చుట్టూ మళ్లీమళ్లీ తిరుగుతుంది. ఏ పదార్థం ఎక్స్‌రేను ఎంత ఆపుతుందో చెప్పే హౌన్స్‌ఫీల్డ్ కొలత (నీటికి 0, గాలికి మైనస్ 1000) ఉంది కాబట్టి రక్తమేదో, కొవ్వేదో పోల్చుకోవచ్చు.

సీబీసీటీకి చాలాచోట్ల గడ్డం ఆనించి నిలబడితే చాలు. శంకువు ఆకారపు కిరణం తల చుట్టూ ఒక్క చుట్టు, కొన్ని యంత్రాల్లో సగమే. ఆ వందల బొమ్మల నుంచి కంప్యూటర్ దవడను ఘనరూపంలో కట్టేస్తుంది. నరం ఎక్కడ పోతోందో, ఇంప్లాంట్‌కు (దవడ ఎముకలో బిగించే కృత్రిమ పంటి వేరుకు) ఎముక ఎంత మిగిలిందో మిల్లీమీటర్లలో కొలుచుకోవచ్చు. రేడియేషన్ కూడా సాధారణంగా తక్కువే. అయితే కిరణాలు ఎక్కువగా చెదురుతాయి. మెత్తటి కండంతా ఒకటే బూడిదరంగు. తల కాస్త కదిలినా బొమ్మ అలుక్కుపోతుంది, చంటిపిల్లలకు కష్టమే.

నన్నడిగితే ఇంప్లాంట్‌కు సీటీ దండగ. చీము మెడలోకి దిగిందన్న అనుమానముంటే మాత్రం సీబీసీటీతో సరిపెట్టుకోకూడదు. లోహపు తొడుగులుంటే రెండింట్లోనూ చారలు తప్పవు.