విజయనగరంలో రేడియో ట్యూనర్ కొంటున్నారా? ముందు వెనక్కి తిప్పి చూడండి

యమహా టి-ఎస్500 ట్యూనర్ తీసుకున్నాను, అంటే ఆంప్లిఫయర్‌కి తగిలించి వినే రేడియో పెట్టె. సెకండ్ హ్యాండ్, ఏడు వేలు. ఆకాశవాణి వారి ఎఫ్‌ఎం స్టేషన్ విశాఖ రెయిన్‌బో 102 హాయిగా వినిపిస్తోంది, డబ్బు దండగ కాలేదు. "ఇదంతా ఫోన్‌లో రాదా?" అని మావారు రోజూ అంటూనే ఉన్నారు. వస్తుంది. కానీ పొద్దున్నే కాఫీ కలుపుకుంటూ ఏం వినాలో వెతుక్కోవడం నాకు ఇంకో పని. రేడియోలో అయితే ఎవరో ఎంచి వినిపిస్తారు.

వైజాగ్‌లో ఒక పాత సామాన్ల షాపులో మూడు ట్యూనర్లు చూశాను. అందంలో మొదటి మార్కు జపాన్ నుంచి వచ్చినదానిదే. తీరా చూస్తే డయల్ 76 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలై 90 దగ్గర ఆగిపోయింది. జపాన్ పాత ఎఫ్‌ఎం బ్యాండ్ అంతే. మనది 87.5 నుంచి 108. మిర్చి 98.3 కూడా దానికి అందదు. పైగా 100 వోల్టుల సెట్టు.

"కన్వర్టర్ పెడితే సరిపోద్దమ్మా" అన్నాడు షాపతను.

"కరెంటుకి సరిపోతుంది బాబూ, స్టేషన్‌కి?" అంటే నవ్వేశాడు.

రెండోది అమెరికాది. ఇందులో మెలిక ఇంకా సన్నం. అక్కడ ఎఫ్‌ఎం స్టేషన్ల మధ్య 0.2 మెగాహెర్ట్జ్ ఎడం, చివరి అంకె ఎప్పుడూ బేసే. ఈ సెట్టు 101.9 నుంచి ఒక్క గెంతులో 102.1కి పోతుంది, మన 102 మధ్యలో ఉండిపోతుంది. మీడియం వేవ్‌లోనూ అదే గొడవ. వాళ్లు పదేసి కిలోహెర్ట్జ్ చొప్పున కదులుతారు, మనం తొమ్మిదేసి. ఆకాశవాణి విశాఖ 927 పెట్టబోతే 920 లేదా 930 వస్తుంది. కొన్ని సెట్లకి దీన్ని మార్చే స్విచ్ వెనక ఉంటుంది, దీనికి లేదు. స్టేషన్ పెంచి పంపిన పై స్వరాలని సెట్టు మళ్లీ సరిగ్గా అంతే తగ్గించాలి, దాన్ని డీ-ఎంఫసిస్ అంటారు. అది కూడా అక్కడ 75 మైక్రోసెకన్లు, మనకి 50. అది కుదరకపోతే పై స్వరాలు మందగిస్తాయి. ద్వారం వెంకటస్వామినాయుడుగారు పాఠం చెప్పిన ఊళ్లో ఉంటూ వయొలిన్ మసకబారితే నేను ఒప్పుకోను.

మూడోదే యమహా. 230 వోల్టులు, 102 మీద సూటిగా నిలబడింది. ఇంక బేరం ఆడలేదు.

అసలు ఖర్చు పెట్టాల్సింది మాత్రం యాంటెన్నా మీద. విశాఖ మనకి అరవై కిలోమీటర్లు. టీ ఆకారపు తీగని గోడకి అంటిస్తే మోనోలో పర్వాలేదు, స్టీరియో పెట్టగానే బుస్సుమంటుంది. స్టీరియోకి సిగ్నల్ చాలా ఎక్కువ బలంగా ఉండాలి, అది సెట్టు తప్పు కాదు. డాబా మీద మూడు కడ్డీల యాగీ యాంటెన్నా కట్టించి, దక్షిణానికి కాస్త నైరుతిగా తిప్పించి, 75 ఓమ్‌ల కేబుల్ కిందికి దింపించాను. ఆ బుస్సు పోయింది. కేబుల్ కుర్రాడికి పైపు, తీగలు అన్నీ కలిపి రెండు వేలైంది. తుపాన్లొచ్చే ఊరు కాబట్టి పైపుకి మూడు పక్కలా స్టే వైర్లు లాగించండి. ఉరుములప్పుడు ప్లగ్గు, యాంటెన్నా రెండూ పీకేయండి.

శ్రీకాకుళం వైపు వాళ్లకి దూరం ఇంకా ఎక్కువ. ట్యూనర్ కొనకముందే ఇంటి ముందు కారు ఆపి, కారు రేడియోలో 102 పెట్టి చూడండి. అక్కడే గరగరలాడితే, ముందు యాంటెన్నాకి ఎంత ఎత్తు పైపు వేయగలరో చూసుకుని తర్వాత సెట్టు బేరం చేయండి.